చురుకైనవారు దయచేసి రావద్దు

మా పెదనాన్నకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆయన పరుపుల కార్ఖానాలో ఎవరైనా పని మానేసి వెళ్ళిపోతే, ఆ ఖాళీలోకి అచ్చంగా ఆ మనిషికి తలకిందులుగా ఉండే మనిషినే వెతికి తెచ్చేవాడు. పొడుగాయన పోతే పొట్టాయన రావాలి. నవ్వుముఖం పోతే ఏడుపుముఖం రావాలి. ఒకసారి గేటు దగ్గర కూర్చునే భారీ మనిషి మానేస్తే, ఆ చోట్లోకి ఎంత బక్కవాణ్ణి తెచ్చాడంటే, గేటుకు తాళం వేసి ఉన్నా అతను ఊచల మధ్యలోంచి లోపలికీ బయటికీ తిరిగేవాడు.

మిగతా అన్నింట్లో మా పెదనాన్న మేలిమి బంగారం. గుమ్మం నిండా ఉండే మనిషి, గుమ్మం దాటి వినబడే గొంతు. మా వంశంలో మగవాళ్ళందరికీ బారెడు మీసాలుంటే ఆయన ముఖం మాత్రం నున్నగా ఉండేది. ఎందుకని అడిగితే "అదో పెద్ద కథలేవే, పని చూసుకో" అని కసిరేవాడు. ఆ కథ ఏమిటో పెద్దమ్మకు కూడా తెలియదు.

నేను మనుషుల్ని పనిలోకి తీసుకోవడం ఎలాగో పెద్ద చదువే చదువుకున్నాను. ఆ చదువు పట్టుకుని పెదనాన్న దగ్గరే చేరాను. చేరిన రోజే ఆయనకు పాఠం మొదలుపెట్టాను.

"పెదనాన్నా, ఒక మనిషి వెళ్ళిపోతే, ఆ మనిషి ఏ పని చేసేదో చూసి అలాంటి మనిషినే వెతకాలి. ఇది మా పుస్తకాల్లో మొదటి పాఠం."

"అలాంటి మనిషిని తెస్తే ఏమవుతుంది?"

"పని ఆగకుండా సాగుతుంది."

"పిచ్చిదానా! అలాంటివాడే కదా ఇప్పుడు వెళ్ళిపోయింది? వీడూ అలాగే పోతాడు. అప్పుడేం చేస్తావు?"

నాకు నోట మాట రాలేదు. పుస్తకాలన్నీ తిరగేశాను. వాటికీ రాలేదు.

అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో ఈ పిచ్చితో పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. కానీ మా రోడ్డు అవతలి చివర ఒక పెద్ద పరుపుల కంపెనీ వెలిసింది. అద్దాల తలుపులు, చల్లటి గదులు, అందరికీ ఒకే రంగు చొక్కాలు, మాకంటే మెరుగైన జీతాలు. మా గేట్లో మునిగినవాళ్ళు వాళ్ళ గేట్లో తేలడం మొదలైంది. దాంతో పెదనాన్నకు ఊపిరాడనంత పని. ఒక్కొక్కరికీ తలకిందులు వెతకాలి కదా!

మొదట వెళ్ళింది మా వ్యాన్ డ్రైవరు. అందరూ రేడియో అని పిలిచేవాళ్ళు. పరుపు దించడానికి వెళితే, ఆ ఇంట్లోవాళ్ళ మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి మునిమనవల పెళ్ళిళ్ళ దాకా మాట్లాడి గానీ వచ్చేవాడు కాదు. అతను వెళ్ళిన మర్నాడు మా గేటు పక్క బోర్డు మీద పెదనాన్న తన చేత్తో రాశాడు: "డ్రైవరు కావలెను. నోరు విప్పనివారికి ప్రాధాన్యం. వివరాలకు ఫోను చేయవద్దు."

మా గేటు ముందే బస్‌స్టాప్. బస్సులో కూర్చున్నవాళ్ళంతా ఆ బోర్డు చదివి పడీపడీ నవ్వేవాళ్ళు. నేను తలకు చున్నీ చుట్టుకుని ఆఫీసులోకి వెళ్ళేదాన్ని.

ఒకాయన వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?" అన్నాను.

తల పంకించాడు.

"ఎన్నాళ్ళు చేశారు?"

మళ్ళీ పంకించాడు.

"జీతం ఎంతైతే బాగుంటుంది?"

చిరునవ్వు నవ్వాడు.

"దొరికాడే! ఇలాంటివాడు లక్షలో ఒకడుంటాడు!" అని పెదనాన్న కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. కుర్చీ విరిగింది.

ఆ మనిషికి మౌనముని అని పేరు పెట్టుకున్నాం. బండి నున్నగా నడిపేవాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ చిరునామా సరిగ్గా దొరక్కపోతే ఎవరినీ అడిగేవాడు కాదు. ఏ ఇల్లు మంచిగా కనిపిస్తే ఆ ఇంటి వరండాలో పరుపు పెట్టి వచ్చేసేవాడు. ఇక నాకు ఫోన్ల మీద ఫోన్లు. "మా పరుపు రాలేదండీ" అని ఒకరు, "మేము అడగని పరుపు వచ్చిందండీ" అని ఇంకొకరు. వీళ్ళిద్దరినీ కలపడమే నా ఉద్యోగమైపోయింది.

తర్వాత గురక బాబాయి వెళ్ళాడు. మా కార్ఖానాలో పరుపు బయటికి వెళ్ళేముందు ఒక మనిషి దాని మీద పడుకుని చూడాలని పెదనాన్న పెట్టిన నియమం. ఆ పని గురక బాబాయిది. నడుం వాల్చగానే గురక మొదలయ్యేది. గురక వచ్చిందంటే పరుపు పాసు. చిక్కేమిటంటే ఆయనకు బల్ల మీదా గురకే, బస్సులో నిలబడినా గురకే. అందుకని ఏ పరుపూ ఎన్నడూ తప్పలేదు.

పెదనాన్న బోర్డు తుడిచి రాశాడు: "పరుపుల మీద పడుకొనుటకు మనిషి కావలెను. నిద్ర పట్టనివారు మాత్రమే రావలెను."

వచ్చినాయన ఉద్యోగ విరమణ చేసిన నైట్ వాచ్‌మన్. రాత్రుళ్ళు కాపలా కాసీ కాసీ కంటికి కునుకన్నదే మర్చిపోయాడట. కొత్త పరుపు మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూస్తూ, "ఎడమ భుజం కింద ఏదో ముడి ఉందమ్మా" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే ముడి. సరిచేసి మళ్ళీ పడుకోబెడితే, "ఇప్పుడు నడుం కింద పల్లం" అనేవాడు. ఆయన చేతిలో ఒక్క పరుపు పాసయ్యేసరికి మాకు చుక్కలు కనిపించేవి.

"పెదనాన్నా, ఇలాగైతే దుకాణం మూసుకోవాల్సిందే!" అని అరిచాను.

"అరవకే. ఆయన నిద్రపోవడానికి ప్రయత్నిస్తున్నాడు" అన్నాడు పెదనాన్న.

ఇక అసలు దెబ్బ టకటకత్త వెళ్ళిపోవడం. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంటే కార్ఖానా అంతా టకటకలాడేది. ఈ చివర బట్ట పెట్టారంటే ఆ చివర పరుపు గలీబు పట్టుకోవాలి, అంత వేగం. యాభై దాటిన మనిషి. ఇంటికి ఆమెదొక్కటే సంపాదన. కూతురు నర్సు కోర్సులో ఉంది, అది పూర్తయ్యే దాకా తన చేతులు ఆగకూడదని ఎప్పుడూ అంటుండేది. అవతలివాళ్ళు పిలిచి జీతం చెప్పేసరికి కాదనలేకపోయింది.

"అయ్యగారూ, పిల్ల చదువు కోసం పోతున్నా. మీ మీద కోపంతో కాదు" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"నిన్ను ఆపిందెవరు? వెళ్ళు వెళ్ళు!" అని పెదనాన్న కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు.

"నా మిషను ఎవరికిస్తారు?"

"ఎవరికిస్తే నీకెందుకమ్మా? పోయేదానివి పోక!"

ఆమె మిషనును ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. పెదనాన్న దాని మీద ఒక పాత దుప్పటి కప్పాడు. కప్పి, సుద్దముక్క తీసుకుని నేరుగా బోర్డు దగ్గరికి నడిచాడు. "కుట్టుపనికి నెమ్మదస్తులు కావలెను. చురుకైనవారు దయచేసి రావద్దు."

దయచేసి అని రాశాడు చూడండి, ఎంత మర్యాదో!

ఆ మర్యాదకు ముచ్చటపడి వచ్చినాయన పేరు మేము పెట్టుకున్నదే, నిదానంగారు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. కంటికి బిగించుకునే భూతద్దం ఇంకా జేబులోనే ఉండేది. గేటు దగ్గర కనిపించాక నా బల్ల ముందుకు వచ్చేలోగా నేను టీ తాగేసి గ్లాసు కూడా కడిగేశాను.

"ఒక పరుపు కుట్టడానికి మీకు ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. ఫ్యాను కేసి చూశాడు. భూతద్దం తీసి తుడిచాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"తొందరేముందండీ?" అన్నాడు.

పెదనాన్న ఆయన్ని కావలించుకున్నాడు.

నిదానంగారు మిషను ముట్టుకోనన్నాడు. సూది, దారం, భూతద్దం, అంతే. పరుపు మూల దగ్గర కూర్చుని ఒక్కో కుట్టు వేసి, దాన్ని అద్దంలోంచి చూసి, నచ్చకపోతే విప్పి మళ్ళీ వేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "మిషను ఖాళీగా పడి ఉంది పెదనాన్నా, చురుకైన పిల్లనెవరినైనా కూర్చోబెడదాం. లేదా అమ్మేద్దాం, చోటన్నా కలిసొస్తుంది" అని పోరుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు సరికదా, వారం వారం దుప్పటి తీసి, ఆ మిషనుకు తనే నూనె వేసి, చక్రం తిప్పి చూసి, మళ్ళీ కప్పేవాడు.

"ఎవరూ కూర్చోని మిషనుకు నూనె దేనికి?"

"తుప్పు పడుతుంది."

"తుప్పు పడితే మనకేం?"

"నీ పుస్తకాల్లో తుప్పు గురించి లేదా?" అనేవాడు.

పెద్దమ్మ మాత్రం నిబ్బరంగా ఉండేది. "నేనూ పుట్టింటికి వెళ్ళి చూద్దామనుకుంటున్నానే. మీ పెదనాన్న నాకు తలకిందులు తేవాలంటే ఆయన మాట వినే మనిషిని వెతకాలి. పాపం, ఎక్కడా దొరకదు" అనేది.

ఇలా మేము మునగడమా తేలడమా అని కొట్టుమిట్టాడుతుండగా ఒకరోజు ఫోను వచ్చింది. కొత్తగా కడుతున్న పెద్దాస్పత్రి సూపరింటెండెంటు డాక్టరమ్మ.

"మా ఇంటి వరండాలో మీవాళ్ళెవరో పరుపు వదిలేసి వెళ్ళారు" అంది.

"క్షమించండి మేడం! మా డ్రైవరు మాట్లాడడు. ఇప్పుడే మనిషిని పంపి తెప్పిస్తాను."

"పంపితే ఊరుకోను. తిప్పి పంపేముందు ఎలా ఉందో చూద్దామని ఒక్కసారి నడుం వాల్చాను. తెల్లారిపోయింది! ముడి లేదు, పల్లం లేదు, మూలల్లో ఒక్క కుట్టు వదులు లేదు. ఇది నేనివ్వను. మా ఆస్పత్రిలో మంచాలన్నింటికీ ఇవే కావాలి. ప్రారంభోత్సవం లోగా ఇవ్వగలరా?"

ఫోను పెట్టేసి నేను కార్ఖానా అంతా గిర్రున తిరిగాను. పెదనాన్న మౌనమునిని ఎత్తుకున్నంత పని చేశాడు. మునిగారు అప్పుడు కూడా ఏమీ అనలేదు.

సంబరం తీరాక లెక్క వేసుకున్నాను. అన్ని పరుపులు కుట్టాలంటే మనుషులేరీ? ఉన్నవాళ్ళలో ఒకాయన తొందరేముందంటాడు, ఇంకొకాయన పల్లముందంటాడు. ఈసారి పెదనాన్న చేతిలోంచి సుద్దముక్క లాక్కుని నేనే బోర్డు కోసం బయలుదేరాను. అప్పుడు కనిపించింది టకటకత్త.

మా గేటు అవతల బస్‌స్టాప్‌లో నిలబడి ఉంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కడం లేదు. పరుగున వెళ్ళాను.

"ఏంటత్తా, ఇక్కడ నిలబడ్డారు? డ్యూటీ లేదా?"

"లేదమ్మా. వాళ్ళకు పెద్ద మిషనొచ్చింది. బట్ట మింగి పరుపు కక్కుతుందంట. వయసు మళ్ళినోళ్ళు ఇక అక్కర్లేదన్నారు. మా పిల్లకు చివరి పరీక్షలు ఉన్నాయి, ఈ సంగతి దానికింకా చెప్పలేదు. నాలుగు చోట్ల అడిగి చూశా, ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారమ్మా?"

"మరి మా లోపలికి రారేం?"

ఆమె బోర్డు వైపు చూపించింది. "ఆ కంపెనీకి పోయేటప్పుడు రోజూ బస్సులోంచి చదివేదాన్ని. 'చురుకైనవారు దయచేసి రావద్దు.' అది నా గురించేగా? పోయినదానివి పోయావు, మళ్ళీ ఈ గడప తొక్కకు అనేగా? అంత మాట రాశాక ఏ ముఖం పెట్టుకుని రానమ్మా?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మేమంతా పగలబడి నవ్విన ఆ బోర్డును ఈమె రోజూ గుండెలో గుచ్చుకుంటూ చదివింది! చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోదామంటే ఆమె చోట్లో నిదానంగారు ఉన్నాడు. పెదనాన్న దగ్గర పోయినవాళ్ళు తిరిగి వచ్చిన ఆనవాయితీ నేను ఎరగను. అసలు ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

ఇంతలో వెనక నుంచి ఉరుములాంటి గొంతు. "ఏంటక్కడ ముచ్చట్లు?"

పెదనాన్న గేటు దాకా వచ్చాడు. టకటకత్త తల దించుకుంది.

"ఆమె మన బోర్డు చదివింది పెదనాన్నా. తనను రావద్దని రాశావనుకుంది" అన్నాను.

"నీ గురించే రాశాను!" అన్నాడు పెదనాన్న.

ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నాకు ఆయన్ని ఆ సుద్దముక్కతోనే కొడదామన్నంత కోపం వచ్చింది.

"నీ గురించి కాక ఇంకెవరి గురించి రాస్తాను? చురుకైనది ఎవత్తో వచ్చి నీ మిషను ముందు కూర్చుందనుకో, రేపు నువ్వొస్తే నిన్నెక్కడ కూర్చోబెట్టను, నా నెత్తి మీదా? అందుకే అలాంటోళ్ళు రావద్దని దండం పెట్టి మరీ రాశాను. ఏం మనుషులమ్మా మీరు! రోజూ చదువుతావంట, ఒక్కరోజు దిగి అడగవంట!"

టకటకత్త నోరు తెరిచింది. నేనూ తెరిచాను.

పెదనాన్న విసవిసా లోపలికి నడిచి, మిషను మీద దుప్పటి లాగేశాడు. మిషను నిగనిగలాడుతోంది. ఆమె వెళ్ళిన రోజు సూదిలో వదిలేసిన నీలం దారం సూదిలోనే ఉంది. టకటకత్త ఆ దారాన్ని పట్టుకుని ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వేసింది. "అయ్యో, సూదన్నా మార్చలేదా అయ్యగారూ? ఇది మొద్దుబారింది" అంటూ కూర్చుని, సూది మార్చి, కాలు ఆడించింది. కార్ఖానా మళ్ళీ టకటకలాడింది.

నేను పెదనాన్నను వదల్లేదు. పక్కకు లాగి అడిగాను. "అయితే ఈ తలకిందుల గోలంతా ఇందుకేనా? అలాంటివాడైతే మళ్ళీ పోతాడన్నావు కదా, మరి అదేమిటి?"

"అది నీ పుస్తకాల నోరు మూయించడానికన్నాను."

"నిజం చెప్పు."

ఆయన తన నున్నటి పైపెదవి రుద్దుకున్నాడు. "కుర్రతనంలో నేనూ ఒక కొట్లో గుమాస్తా పని వదిలేసి మెరుగైన చోటికి పోయానే. ఆ చోటు నిలవలేదు. తిరిగొచ్చాను. నా కుర్చీలో ఒకడు కూర్చుని ఉన్నాడు. నా ఎత్తే. నా ఒడ్డే. ఆఖరికి మీసం కూడా నాలాంటిదే! ఆ కొట్టాయన సంబరంగా, 'చూడరా, అచ్చం నీలాంటివాడే దొరికాడు, నువ్వు పోయావన్న సంగతే మాకు తెలియలేదు' అన్నాడు. పని లేదంటే బాధపడేవాణ్ణి కాదు. తెలియలేదన్నాడు చూడు, అక్కడ కాలింది."

"అందుకని మీసం తీసేశావా?"

"ఆ సాయంత్రమే."

నాకు నవ్వొచ్చింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. ఆయన నూనె డబ్బా పట్టుకుని గుర్రుగా చూస్తుంటే రెండూ కలిపి చేయి పట్టుకున్నాను.

టకటకత్త వచ్చిందని తెలిసి, అవతలి కంపెనీ వద్దన్న మిగతావాళ్ళూ తల గోక్కుంటూ గేటు దగ్గరికి వచ్చారు. ఎవరి చోటు వాళ్ళకు ఉంది, ఎందుకంటే వాళ్ళలాంటివాణ్ణి మేము ఒక్కణ్ణీ తీసుకోలేదు! రేడియో వ్యాను ఎక్కి మౌనముని పక్కన కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి మధ్యలో అడ్డు తగలని మనిషి దొరికాడని పొంగిపోయాడు. చిరునామాలు రేడియో అడిగేవాడు, బండి ముని నడిపేవాడు, పరుపులు సరైన ఇళ్ళకు చేరేవి. నిదానంగారు మూలలు, టకటకత్త అంచులు.

"మీరు ఒక మూల కుట్టేలోగా మా అమ్మాయి నర్సై వచ్చి నాకు సూది వేస్తుందండీ" అనేది ఆమె.

"తొందరేముందండీ?" అనేవాడు ఆయన.

గురక బాబాయి వచ్చి వాచ్‌మన్ తాత పక్క పరుపు మీద నడుం వాల్చాడు. గురక మొదలైంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. వాచ్‌మన్ తాత కాసేపు విన్నాడు. మెల్లగా ఒక ఆవులింత వచ్చింది. "ఈ చప్పుడుకు ఏ దొంగా రాడమ్మా. ఇక నేను మేలుకోవడం దేనికి?" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. మేమంతా పిల్లుల్లా నడిచాం ఆ పూట.

ఆస్పత్రి పరుపులు ప్రారంభోత్సవానికి ముందే వెళ్ళాయి. ఆ ఆస్పత్రిని చూసి హాస్టళ్ళవాళ్ళు వచ్చారు, హాస్టళ్ళను చూసి ఇంకెవరో వచ్చారు. పనికి ఇద్దరిద్దరు మనుషులున్నా అందరికీ చేతినిండా పనే. టకటకత్త కూతురు పరీక్షలు గట్టెక్కి అదే ఆస్పత్రిలో చేరింది. మా పరుపుల మీద దుప్పట్లు పరుస్తూ, మూలలు ఎవరివో, అంచులు ఎవరివో చెప్పేస్తుందట.

ఈమధ్య పెద్దమ్మ పట్టుబట్టింది. "ఇక చాలు, ఇంటిపట్టున ఉండండి" అని. పెదనాన్న చాలా సేపు గింజుకుని ఒప్పుకున్నాడు. మరి ఆయన స్థానంలో ఎవరు?

"పద్ధతి ప్రకారమైతే నాకు తలకిందులుగా ఉండే మనిషి కావాలి" అన్నాడు.

"అంటే బుర్ర ఉన్న మనిషి" అంది పెద్దమ్మ.

అందరూ నా వైపు చూశారు. పెదనాన్న లేచి నిలబడి, సుద్దముక్క నా చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో కూర్చోవడానికి నాకు మనసు రాలేదు. స్టూలు వేసుకుని ఆ పూట పని చూశాను.

మర్నాడు పొద్దున్నే వస్తే, పెదనాన్న తన కుర్చీలో బాసిపట్టు వేసుకుని కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏంటిది పెదనాన్నా! నిన్ననేగా మానేశావు?"

"మానేశాను. ఇంట్లో మీ పెద్దమ్మ నిలవనివ్వలేదు. తిరిగొచ్చాను. చూస్తే నా చోటు ఖాళీగానే ఉంది" అన్నాడు, టీ ఊదుకుంటూ. "స్టూలు ఇటు జరుపుకుని కూర్చో. బోలెడు పనుంది."